పొటాష్ లేని యూరియా

సంపాదక మహాశయా,

పర్లాకిమిడి నుంచి కాశీనగరం వరకు వరి వేసే మా తెలుగు రైతులు, పైరు కాస్త పచ్చబడకపోతే యూరియా బస్తా కోసమే పరుగెత్తుతారు గాని పొటాషియం అందించే పొటాష్ ఎరువు సంగతి తలచేవారు తక్కువ. పోయిన ఖరీఫ్‌లో నేనూ అదే చేశాను. పైరు నల్లపచ్చగా, ఏపుగా పెరిగి, ఈనిన తర్వాత ఒక్క వానకే పడిపోయింది. వంగి చూస్తే కింది ముదురాకుల కొనలు, అంచులు కాలినట్లు గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి.

అవి పొటాష్ లోపానికి గుర్తులు. మొక్క యూరియా నుంచి తీసుకున్న నత్రజని మాంసకృత్తులుగా మారాలంటే పొటాషియం వల్ల చురుకయ్యే ఎంజైములు కావాలి. పొటాషియం చాలనప్పుడు అమైనో ఆమ్లాలు, చక్కెరలు ఆకులోనే పేరుకుని తెగుళ్లకూ పురుగులకూ మేతవుతాయి, కాండమూ గట్టిపడదు. యూరియాతో పైరు పెరిగిన కొద్దీ పొటాష్ అవసరమూ పెరుగుతుంది కనుక, లోపం ఇంకా ముదురుతుంది. పైగా వరి తీసుకున్న పొటాషియంలో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది. ఆ గడ్డినంతా మోసుకుపోయి, పశువుల గెత్తమైనా తిరిగి వేయని పొలానికి మిగిలేదేమిటి?

తేలిక నేలల్లో పొటాష్‌ను సగం దమ్ములో, సగం అంకురం దశలో, అంటే కాండం లోపల వెన్ను రూపుకట్టడం మొదలైనప్పుడు, వేయడం మేలు. ఒడియా చదవలేని మా పెద్ద వయసు రైతులకు భూసార పరీక్ష ఫలితాలను అధికారులు తెలుగులోనూ ఇవ్వాలని, తొలకరికి ముందే మీ పత్రిక ఈ విషయంపై వ్యాసం ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక వరి రైతు, గజపతి జిల్లా, ఒడిశా