జీతం లేని పని గురించి అమ్మకు

అమ్మా,

మొన్న ఫోన్‌లో నీ గొంతు బాగా లేదు. జలుబేనన్నావు గానీ నేను నమ్మలేదు. నాన్నగారి బీపీ మాత్రల సంగతి ఎత్తితే మాట మార్చేశావు. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లారో లేదో తమ్ముడిని మెసేజ్ పెట్టమను. నిన్నడిగితే అన్నీ బాగున్నాయనే అంటావు.

ఇక్కడ ఆఫీసు మామూలే. మీ అల్లుడికి మోకాలి నొప్పి తగ్గింది. పాప నాకంటే పొడుగైంది, ఫోటో పంపుతాను.

ఫోన్ పెట్టేసే ముందు నువ్వన్న మాట మాత్రం నన్ను వదలడం లేదు. "పైసా జీతం రాని పనికి అర్ధరాత్రి దాకా మేలుకోవడం ఏమిటే?" అన్నావు. అప్పుడు నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

జూలై 1 నుంచి నేను టోస్ట్‌మాస్టర్స్‌లో, అదే నలుగురి ముందు మాట్లాడడం నేర్చుకునే క్లబ్బుల సంస్థలో, డిస్ట్రిక్ట్ డైరెక్టర్నని నీకు తెలుసు. అంటే ఏమిటో ఎప్పుడూ చెప్పలేదు. నాలుగు నుంచి ఆరు క్లబ్బులు కలిస్తే ఒక ఏరియా, కొన్ని ఏరియాలు కలిస్తే డివిజన్, ఆ డివిజన్లన్నీ కలిపి డిస్ట్రిక్ట్. ఈ ప్రాంతంలో ఏ క్లబ్బుకు కష్టమొచ్చినా చివరికి నా దగ్గరికే వస్తుంది. నన్ను ఎవరో కూర్చోబెట్టలేదమ్మా, క్లబ్బుల వాళ్లే ఓట్లేసి ఎన్నుకున్నారు. 1924లో అమెరికాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ ఈ సంస్థ మొదలుపెట్టినప్పుడు అందరూ మగవాళ్లే. ఆడవాళ్లకు సభ్యత్వం ఇచ్చింది 1973లో. అప్పటికి నీకింకా పెళ్లి కూడా కాలేదు. ఆ లెక్కన చూసుకుంటే నా చేతిలో ఉన్నది చిన్న పని కాదనిపిస్తుంది.

నువ్వు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు టీచరు చెప్పకుండా మానేస్తే మెమో ఇచ్చేదానివి. నాకు ఆ అవకాశం లేదు. ఇక్కడ ఎవరూ నా కింద పనిచేసేవాళ్లు కాదు. ఏరియా డైరెక్టరు ఏడాదిలో రెండు విడతలు తన క్లబ్బులన్నిటికీ వెళ్లి, మీటింగు చూసి, రిపోర్టు రాయాలి. పోయిన నెల ఒకావిడ రాత్రి పదింటికి మెసేజ్ పెట్టింది, "ఇంక నా వల్ల కాదు, క్షమించండి" అని. వాళ్ల అత్తగారు మంచాన పడ్డారట. ఆవిడను నిలబెట్టడానికి నా దగ్గర జీతమూ లేదు, ప్రమోషనూ లేదు. ఫోన్ చేసి గంటసేపు వాళ్లత్తగారి గురించే మాట్లాడాం. చివర్లో ఆవిడే "రెండు క్లబ్బులు నేను చూస్తాను, మిగతావి ఎవరికైనా ఇవ్వండి" అంది. నేనడిగితే ఆ రెండూ ఒప్పుకునేది కాదు. నువ్వడిగిన అర్ధరాత్రి మేలుకోవడం ఇదే. వీళ్లందరికీ ఉద్యోగాలుంటాయి, పిల్లలు పడుకున్నాక గానీ తీరిక దొరకదు. వాళ్ల తీరికే నా పనివేళ.

ఇప్పుడు నాకున్న అసలు టెన్షన్ ఒక పాత క్లబ్బు గురించి. ఏడాదికి రెండుసార్లు, అక్టోబరు 1కీ ఏప్రిల్ 1కీ, సభ్యత్వాలు రెన్యువల్ చేసుకోవాలి. కనీసం ఎనిమిది మంది కట్టాలి, అందులో ముగ్గురు పాత సభ్యులై ఉండాలి. ఈ క్లబ్బులో ఇప్పుడు ఐదుగురే మిగిలారు. 2020లో మీటింగులన్నీ ఆన్‌లైన్ అయ్యాక కొందరు మళ్లీ గదికి రావడమే మానేశారు. మూసేసి వేరే క్లబ్బులో కలిపెయ్యమని మా వాళ్లలోనే కొందరు అంటున్నారు. వాళ్ల లెక్క తప్పని నేను అనను. కానీ ఆ క్లబ్బుకు వెళ్లి చూశాక నాకు మనసొప్పడం లేదు.

ఆ రోజు అక్కడ ఒక పెద్దాయన మొదటి ప్రసంగం. నాన్నగారి ఈడు ఉంటుంది, భార్య పోయారు. మొదటి ప్రసంగానికి నాలుగు నుంచి ఆరు నిమిషాలు, తన గురించి తాను చెప్పుకోవాలి. ఎదురుగా టైమరు దగ్గర లైట్లుంటాయి, నాలుగో నిమిషానికి పచ్చ, ఐదుకు పసుపు, ఆరుకు ఎరుపు. ఆయన చేతిలో కాగితం వణుకుతోంది. భార్య పేరు దగ్గరికొచ్చేసరికి గొంతు పట్టేసింది. ఒక్కరు కూడా మాట అందించలేదు, జాలిపడి చప్పట్లు కొట్టలేదు. అందరూ ఆయన వైపే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి కాగితం మడిచి జేబులో పెట్టుకుని మిగతాదంతా చూడకుండా చెప్పాడు. ఎర్ర లైటు వెలిగాక ముగించాడు. తర్వాత అతని ప్రసంగాన్ని సమీక్షించిన అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో, "కాగితం జేబులో పెట్టుకున్నాక మీరు మా కళ్లలోకి చూశారు, ఈసారి మొదటి నుంచే అలా చూడండి" అంది. అమ్మా, ఐదుగురున్న గదిలో జరిగింది ఇది. దీన్ని లెక్కలు చూసి ఎలా మూసెయ్యను? పక్కనున్న పెద్ద క్లబ్బు నుంచి ఇద్దరు ఇందులో కూడా సభ్యత్వం తీసుకుంటామన్నారు. ఇంకొక్కరు కావాలి. పెద్దాయన తన పక్కింటాయనను తీసుకొస్తానన్నాడు.

తమ్ముడి ఇంటి కాగితాలు రిజిస్ట్రేషన్ అయ్యాయా? అప్పుడు రాలేకపోయింది ఈ పదవి వల్ల కాదు, ఆఫీసులో సెలవు దొరకలేదు. వదిన ఇంకోలా అనుకుంటున్నట్టుంది. నువ్వే చెప్పు.

డబ్బు వ్యవహారం, రేపు ఏదైనా తేడా వస్తే మాట పడతావని నాన్నగారు భయపడుతున్నారని అన్నావు. ఆయనకు చెప్పు, ఖర్చు నా ఒక్కదాని ఇష్టం కాదు. బడ్జెట్‌ను క్లబ్బుల ప్రతినిధుల కౌన్సిల్ ముందు పెట్టి ఆమోదం తీసుకోవాలి. లెక్కలు చూడ్డానికి ఫైనాన్స్ మేనేజరు వేరే ఉన్నారు. ఏడాదిలో రెండుసార్లు ఆడిట్ జరుగుతుంది. నాన్నగారి బ్యాంకులో ఉన్నంత పద్ధతిగానే ఉంటుంది.

గొడవలు లేవని మాత్రం చెప్పను. ఏటా ఏ క్లబ్బు ఏ ఏరియాలో ఉండాలో మళ్లీ సర్దాలి. పదేళ్లుగా కలిసున్న రెండు క్లబ్బులను విడదీస్తే ఆడపిల్లను అత్తారింటికి పంపినంత బాధపడతారు. మొన్న ఒకాయన మీటింగులో గట్టిగా అరిచాడు. ఆయన అరిచింది ఆ క్లబ్బు మీద ప్రేమతోనే, అది నాకు కనిపించింది. మర్నాడు ఆయననే సర్దుబాటు కమిటీలోకి రమ్మన్నాను. వచ్చాడు, అందరికంటే బాగా పనిచేస్తున్నాడు.

ఇంకో మాట. మేం ఇక్కడికొచ్చిన కొత్తలో ఆఫీసు, ఇల్లు తప్ప నాకు మనిషి లేడు. నీకు ఫోన్‌లో బాగున్నానని చెప్పేదాన్ని. అప్పుడు ఒక క్లబ్బులో మొదటి రోజే నా పేరు రెండుసార్లు అడిగి సరిగ్గా పలకడం నేర్చుకున్నారు. ఆ వారం నుంచి నాకు ఎదురుచూసే రోజంటూ ఒకటి వచ్చింది. అప్పట్లో నాకోసం ఎవరో జీతం లేకుండా ఆ గది తాళం తీసి, కుర్చీలు వేశారు. ఇప్పుడు ఆ కుర్చీలు వేయడం నా వంతు.

ఎంతకాలమని అడిగావు కదా. జూన్ 30తో అయిపోతుంది. వరసగా రెండో ఏడాది ఈ పదవిలో ఉండనివ్వరు. నా తర్వాత ఎవరైతే బాగుంటుందో ఇప్పటినుంచే చూస్తున్నాను. ఆ రెండు క్లబ్బులు అట్టేపెట్టుకున్నావిడ మీద నాకు నమ్మకముంది, ఆవిడకింకా చెప్పలేదు.

జూలైలో ముగ్గురం వస్తున్నాం. మీ అల్లుడు సెలవు అడిగేశారు. ఈలోగా నువ్వు ఆ జలుబు చూపించుకో, నాన్నగారి రిపోర్టులు తమ్ముడితో ఫోటో తీసి పంపించు. ఆదివారం ఫోన్ చేస్తాను, మీ పొద్దున పూటే.

నీ పెద్దమ్మాయి