బరువు తగ్గడానికి నెల గడువు చాలదు

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

నెలలో పది కిలోలు తగ్గాలని గడువు పెట్టుకున్నావు. మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గావనీ, ఆ తరువాత మూడు వారాలుగా ముల్లు కదలడం లేదనీ, అందుకని ఇక రాత్రి భోజనం కూడా మానేస్తాననీ చెప్పావు. ఫోన్‌లో వివరించబోతే సగం విని ‘సరేలే అమ్మా’ అంటావు కాబట్టి తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. రాత్రి భోజనం మానవద్దు. అసలు మార్చుకోవలసింది నీ నెల గడువును.

ముందు ఆ మూడు కిలోల సంగతి చూద్దాం. తిన్న పిండిపదార్థాలలో అప్పటికప్పుడు ఖర్చు కానిదాన్ని శరీరం కాలేయంలోనూ కండరాలలోనూ గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. పెద్దవాళ్లలో ఈ నిల్వ సుమారు అరకిలో దాకా ఉంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌ను అంటిపెట్టుకుని దాదాపు మూడు గ్రాముల నీరు ఉంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గించేసరికి చేతిఖర్చు డబ్బులాంటి ఈ నిల్వ మొదట కరిగిపోతుంది, దానితో పాటే నీరూ పోతుంది. ఉప్పు తగ్గితే మరికొంత నీరు పోతుంది, పేగులలో ఉండే ఆహారం బరువు కూడా తగ్గుతుంది. అందువల్ల మొదటి వారం నువ్వు కోల్పోయినదానిలో కొవ్వు వంతు చాలా తక్కువ. తరువాతి వారాలలో కొవ్వు నెమ్మదిగా కరుగుతూనే ఉండవచ్చు, కానీ నీటి హెచ్చుతగ్గుల వెనుక అది కనబడకుండా పోతుంది.

నెలకు పది కిలోలన్న నీ లెక్కను నేను కాగితం మీద వేసి చూశాను. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. పది కిలోలంటే 77,000, దాన్ని ముప్పై రోజులకు పంచితే రోజుకు 2,500కు పైగా లోటు రావాలి. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే నీలాంటి యువకుడి శరీరం ఇరవై నాలుగు గంటలలో వాడుకునేదే ఇంచుమించు అంత. అంటే నెల పొడవునా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోయినా నీ లెక్క తేలదు. రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే వారానికి సుమారు అరకిలో కొవ్వు కరుగుతుంది. వారానికి అరకిలో నుంచి కిలో వరకు తగ్గడం క్షేమమని వైద్యులు సాధారణంగా చెప్పే మాటకు ఇది సరిపోతుంది. అంతకంటే వేగంగా దిగినవాళ్లలో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, జుట్టు రాలవచ్చు, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది.

‘అంత నెమ్మదిగా తగ్గితే ఏం లాభం?’ అని నువ్వు అడుగుతావని నాకు తెలుసు. మధుమేహం అంచున ఉన్న మూడు వేల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద పరిశోధన అమెరికాలో 2002లో వెలువడింది. అందులో ఒక వర్గానికి పెట్టిన లక్ష్యం శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం. ఆ మాత్రానికే వాళ్లలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. తొంభై కిలోల మనిషికి 7 శాతమంటే ఆరు కిలోల పైచిలుకు. అద్దంలో నీకు పెద్ద తేడా కనిపించకపోవచ్చు, రక్తపోటులోనూ రక్తంలోని చక్కెరలోనూ మాత్రం కనిపిస్తుంది. నాకు కావలసిందీ అదే.

పూట మానేయడం గురించి కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజులలో అమెరికాలోని మిన్నెసోటాలో ఒక పరిశోధన కోసం ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందంగా 24 వారాల పాటు అర్ధాకలితో గడిపారు. వాళ్లు బరువైతే బాగా తగ్గారు. కానీ పగలూ రాత్రీ తిండి ధ్యాసే పట్టుకుంది, నీరసం, చిరాకు, దిగులు కమ్ముకున్నాయి, మళ్లీ కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక కొందరు ఎంత తిన్నా ఆకలి తీరక ఆపుకోలేకపోయారు. నువ్వు రాత్రి పదకొండింటికి బిస్కెట్ల ప్యాకెట్ ఖాళీ చేసి మర్నాడు నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావే, అది నీ మనోబలం లోపమని నేను అనుకోను. పగలంతా మాడ్చిన కడుపు రాత్రికి అడిగి తీసుకుంటోంది, అంతే.

ఇక ఏం తినాలన్నది. మూడు పూటలూ వేళకు తిను. కంచంలో సగం కూరగాయలూ ఆకుకూరలూ, పావు వంతు ముడిధాన్యం, మిగిలిన పావు పప్పో, గుడ్డో, చేపో, నీకు నచ్చిన మరేదైనా మాంసకృత్తులున్న పదార్థమో ఉండేలా చూసుకుంటే కేలరీలు లెక్కపెట్టే పని చాలావరకు తప్పుతుంది. పీచూ మాంసకృత్తులూ ఉన్న భోజనం ఎక్కువసేపు ఆకలి వేయనీయదు. నూనెను మాత్రం చెంచాతో కొలిచి వెయ్యి, ఎందుకంటే గ్రాము పిండిపదార్థంలో నాలుగు కేలరీలుంటే గ్రాము కొవ్వులో తొమ్మిది ఉంటాయి, అంచనాగా పోసే నూనె కంటికి ఆనదు.

నిన్ను అన్నిటికంటే మోసం చేస్తున్నవి ఆ తియ్యటి పానీయాలే. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఇంచుమించు తొమ్మిది టీ చెంచాలు. తాగిన గంటకు నీకు ఆకలి ఏమీ తగ్గి ఉండదు. అలాగే ఈసారి ఏ ప్యాకెట్ కొన్నా వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదువు. ముందు పెద్దగా వేసిన కేలరీల అంకె చాలాసార్లు ఒక సర్వింగ్‌కు, అంటే ఒకసారికి తినాలని కంపెనీ లెక్కగట్టిన కొలతకే వర్తిస్తుంది, అదే ప్యాకెట్‌లో రెండున్నర సర్వింగులున్నట్టు వెనకాల ఎక్కడో మూలన ఉంటుంది. ఒక్క సర్వింగ్ తిని ప్యాకెట్ మడిచి పెట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు, నీతో సహా. 2019లో వెలువడిన ఒక ప్రయోగంలో ఇరవై మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, మరో రెండు వారాలు సహజమైన ఆహారం ఎదుట పెట్టి, ఎవరికి ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన తిండి పెట్టినప్పుడు వాళ్లు తమకు తెలియకుండానే రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. నువ్వు కష్టపడి తగ్గించుకుందామనుకుంటున్న అంకె కూడా అదేనని గమనించు.

బరువు చూసుకోవద్దని అనను, కానీ రోజుకు నాలుగుసార్లు ఎక్కకు. లీటరు నీళ్లు తాగి ఎక్కితే కిలో పెరిగినట్టే చూపించే యంత్రమది. ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినకముందు ఒక్కసారి చూసి రాసుకో, వారానికొకసారి సగటు తీయి. ఆ సగటును పోయిన వారం సగటుతో పోల్చు, నిన్నటి అంకెను వదిలెయ్యి.

కొన్ని నెలలకు ఆ సగటు కూడా నిలిచిపోతుంది. చిన్నదైన శరీరానికి తక్కువ ఇంధనం చాలు, పైగా ఆకలిని నడిపే హార్మోన్లు తిరగబడతాయి. బరువు తగ్గినవాళ్లలో ఏడాది తరువాత కూడా ఆ హార్మోన్లు ఆకలిని పెంచే దిశగానే ఉన్నాయని 2011లో ఒక అధ్యయనం చూపించింది. ఆ దశలో తిండి ఇంకా కోసేయకుండా, ఉన్న బరువును కొన్నాళ్లు నిలబెట్టుకున్నా అది గెలుపే.

రోజూ అరగంట నడువు, వారానికి రెండుసార్లు బరువులెత్తు, దానివల్ల కండ నిలుస్తుంది. నడుము చుట్టూ బెల్టు కట్టుకుంటే అక్కడి కొవ్వే కరుగుతుందని చెప్పే ప్రకటనలకు డబ్బు తగలేయకు. నిద్ర ఏడు గంటలకు తగ్గనీయకు, నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి ఎక్కువగా వేస్తుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టరును కలిసి థైరాయిడ్, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకో. ప్రస్తుతం నువ్వు వాడుతున్న మందుల పేర్లు కూడా ఆయనకు చెప్పు, కొన్ని మందులు బరువు పెంచుతాయి. రిపోర్టులు రాగానే ఫోటో తీసి నాకు పంపించు.

ఉంటాను.

మీ అమ్మ