న్యాయ సహాయ విభాగం – 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. బెయిలు దొరకనివాళ్ల గోడు సరే. బెయిలు వచ్చీ జైల్లోనే ఉండిపోయేవాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. ఈ ఏడాది మన విభాగం ఎక్కువగా వాళ్ల కాగితాల పనే చూసింది.

2024 జులై 1న సీఆర్‌పీసీ (నేర విచారణ విధానాల చట్టం) స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. దాని 479వ సెక్షన్ ప్రకారం, గతంలో శిక్ష పడని ముద్దాయి గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం కాలం రిమాండ్‌లో గడిపితే విడుదలకు అర్హులు. మామూలు దొంగతనానికి గరిష్ఠం 3 ఏళ్లు కాబట్టి గతంలో శిక్ష పడనివాళ్లకు ఏడాది. ఇంట్లో దొంగతనానికి 7 ఏళ్లు కాబట్టి 28 నెలలు. ముద్దాయి వల్ల జరిగిన జాప్యాన్ని ఇందులోంచి తీసేస్తారు. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. పాత కేసులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తేల్చింది. గడువు నిండగానే కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే.

చిక్కల్లా ఒకటికి మించి కేసులున్నవాళ్లతో. వాళ్లకు ఈ సెక్షన్ కింద విడుదల లేదు. చిల్లర దొంగతనాల్లో ఒకే మనిషి మీద నాలుగైదు ఎఫ్‌ఐఆర్‌లు ఉండటం మామూలే. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే ఉంది. పైగా ఒక కేసులో బెయిలు వచ్చినా, వేరే స్టేషన్ నుంచి పీటీ వారెంట్ (జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసులో కోర్టుకు తెమ్మనే ఆదేశం) పెండింగ్‌లో ఉంటే గేటు తెరుచుకోదు. అందుకే పిటిషన్ వేసేముందే జైలు నుంచి అన్ని కేసుల జాబితా తెప్పించమని వకీళ్లకు చెబుతున్నాం.

గడువులోగా పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిలు ముద్దాయి హక్కు. ఆ గడువు 60 రోజులు. పదేళ్లు, అంతకు మించిన శిక్ష పడే కేసుల్లో 90. రిమాండ్ విధించిన రోజునూ కలిపి లెక్కించాలి. గడువు దాటిన మర్నాడే పిటిషన్ పడాలి. ముందు చార్జిషీటు పడిందా, ఆ హక్కు పోయినట్టే.

ఇక ష్యూరిటీలు, అంటే బెయిలుకు పూచీ పడేవాళ్లు. కూలికి వలస వచ్చినవాడికి ఇక్కడ ఇంటిపన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకమో ఉన్నవాళ్లు ఇద్దరు ఎక్కడ దొరుకుతారు? వేరే జిల్లావాళ్లన్న కారణంతో ష్యూరిటీని తోసిపుచ్చరాదని మోతీరామ్ కేసులో 1978లోనే తీర్పు వచ్చింది. అయినా ‘లోకల్ ష్యూరిటీ’ అడగడం మానలేదు. 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు ఆదేశాల ప్రకారం, బెయిలు వచ్చిన 7 రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోగా పూచీకత్తు కట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే పరిశీలించవచ్చు. మన పిటిషన్ నమూనాలో ఈ ఆదేశాన్ని మొదటి పేరాలోనే పెట్టాం.

పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకం మొదటి నిబంధనల ప్రకారం, విచారణ ఖైదీకి రూ.40,000 వరకు జిల్లా కమిటీ మంజూరు చేయగలిగేది. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల), ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక), మనీలాండరింగ్, అవినీతి నిరోధక చట్టాల కేసులకు ఇది లేదు.

సంఘ సభ్యులే ష్యూరిటీగా నిలబడాలన్న ప్రతిపాదనను మేం సమర్థించడం లేదు. ముద్దాయి వాయిదాకు రాకపోతే బాండు సొమ్ము ష్యూరిటీ నెత్తినే పడుతుంది. దీనిపై తుది నిర్ణయం సర్వసభ్య సమావేశానిదే. ఈలోగా ఎవరి బంధువైనా రిమాండ్‌లో ఉంటే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయించండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.