ఐరన్ మాత్రలతో పాటు ఇంకేం వాడుతున్నారో అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

కిందటేడు మా అమ్మాయి పురిటికి సింగపూర్ వెళ్లి మూడు నెలలు ఉన్నాను. ఏడో నెలలో పరీక్ష చేస్తే దానికి హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. కడుపుతో ఉన్న మనిషికి 11 ఉండాలి. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. నేను తెనాలి నుంచి లోహాసవం అనే ఆయుర్వేద మందు రెండు సీసాలు పట్టుకెళ్లాను. మా అమ్మ నాకు పోసింది, నేను నా కూతురికి పోశాను. ఎదురింట్లో ఉండే చైనా ఆవిడ మా అమ్మాయిని సొంత బిడ్డలా చూసుకునేది. ఆమె తమ ఎండు రేగుపళ్లు వేసి కాచిన కషాయం రోజూ తెచ్చిచ్చేది. ముగ్గురం మంచే కోరాం. నాలుగు వారాల తర్వాత చూస్తే 9.4.

అప్పుడు అక్కడి నర్సు అడిగిన ఒక ప్రశ్న కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. “ఇంకేమేం తీసుకుంటున్నారు? ఇంట్లోవాళ్లు ఇచ్చేవి, పక్కింటివాళ్లు ఇచ్చేవి కూడా చెప్పండి” అంది. అన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మంది. తెచ్చి ముందు పెడితే ఒక్క మాట కూడా మందలించలేదు.

తప్పులు అక్కడ బయటపడ్డాయి. మా అమ్మాయి ఐరన్ మాత్ర టిఫిను తిన్నాక టీతో వేసుకునేది, వెంటనే కాల్షియం మాత్ర. ఆ రెండూ ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. శ్రీకాళహస్తి కలంకారీ పని చూసినవాళ్లకు టీ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద ఇనుప తుప్పు, బెల్లం నానిన నీళ్లతో గీత గీస్తే ఆ గీత నల్లబడి గుడ్డను వదలదు. కరక్కాయ వగరు ఇనుమును పట్టేసుకుంటుంది. టీలో ఉన్న వగరు, కొన్ని కషాయాల్లో ఉన్న వగరు కడుపులోనూ అదే పని చేస్తాయి. ఇక నా లోహాసవం. పేరులోనే లోహం ఉంది, అంటే అది ఇంకో ఇనుము మందే. పైగా ఆసవం అంటే పులియబెట్టింది, అందులో దానంతట అదే పుట్టిన ఆల్కహాలు ఉంటుందని సీసా మీదే రాసి ఉంది. కడుపుతో ఉన్న పిల్లకు పోస్తూ ఆ అక్షరాలు నేను చదవలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చైనా మందుల సంగతి తెలుసుకోవాలని ఎదురింటావిడతో కలిసి వాళ్ల వైద్యుడి దగ్గరికీ వెళ్లాను. సింగపూర్‌లో 2000లో చేసిన చట్టం ప్రకారం చైనా వైద్యం చేసేవాళ్లు కూడా నమోదు చేసుకోవాలి. ఆయన మొదట చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. వాళ్ల శాస్త్రంలో ‘రక్తలోపం’ అంటే ముఖం పాలిపోవడం, కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం, బహిష్టు పలచబడడం. అది ఉన్నవాళ్లకు హిమోగ్లోబిన్ తక్కువే ఉండాలని లేదు. రెండూ ఒకటే అనుకుని మూలికలతో సరిపెట్టుకోవద్దన్నారు. సోంగ్ వంశం కాలం నుంచీ వాడుకలో ఉన్న నాలుగు మూలికల కషాయం సి-వు-తాంగ్‌లో దాంగ్ గ్వే అనే వేరు ఉంటుంది. గర్భిణులు దాన్ని సొంతంగా వాడకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లకు దానివల్ల రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

చైనాలో ఐరన్‌తో పాటు మూలికలు ఇవ్వడం మామూలే. వికారం, మలబద్ధకం తగ్గుతాయని కొన్ని పరిశోధనల్లో తేలినా వాటిలో చాలావరకు చిన్నవి, వాటిని పట్టుకుని గట్టిగా చెప్పలేం. నన్ను ఆశ్చర్యపరిచింది వేరే విషయం. జియన్‌పి షెంగ్‌శ్వే అనే చైనా మందులో మూలికలతో పాటు ఫెర్రస్ సల్ఫేటు కూడా ఉంటుంది. మన పెద్దలు అన్నభేది అన్నది ఆ ఉప్పునే, చైనా పాత వైద్యులు జావోఫాన్ అన్నదీ దాన్నే. మన ఆయుర్వేదంలో వాడే మండూరం కూడా ఇనుప చిట్టెమే. కాబట్టి ‘మూలికల మందే కదా’ అని పక్కన ఇంకోటి వేసుకుంటే ఎంత ఇనుము లోపలికి పోతోందో ఎవరికీ లెక్క ఉండదు.

ఇప్పుడు మన సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ప్రభుత్వం గర్భిణులకు రోజుకొకటి చొప్పున 180 రోజులు ఎర్ర మాత్రలు ఇస్తోంది. ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మంచి పథకం. కానీ ఆ మాత్ర ఇంటికి వెళ్లాక ఏమవుతోంది? మా బంధువుల అమ్మాయి ఒకతె మలం నల్లగా వస్తోందని భయపడి మానేసింది. ఐరన్ వేసుకుంటే అలా రావడం మామూలేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రక్తం పడుతుందని సంతలో అమ్మిన పొడి వాడింది. కాన్పు నాటికి హిమోగ్లోబిన్ 7కు పడిపోయి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఆ పొడి సంగతి ఆమె ఆసుపత్రిలో చెప్పలేదు. చెబితే కసురుతారని భయం. వాళ్లూ అడగలేదు.

రక్తం తక్కువైన ప్రతివాళ్లకీ కారణం ఇనుము లోపమే కాకపోవచ్చు కూడా. దక్షిణ చైనాలో తలసేమియా ఎక్కువ, మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది. రెండూ పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బులే. తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లకు ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. అలాంటివాళ్లు ఎవరికీ చెప్పకుండా ‘బలం మందు’ తాగితే ఎంత ముప్పో ఆలోచించండి.

మా అమ్మాయి లోహాసవం మానేసింది. ఐరన్ మాత్ర నిమ్మరసంతో పొద్దున, కాల్షియం రాత్రి వేసుకుంది, టీ మధ్యాహ్నానికి మార్చుకుంది. కాన్పుకు ముందు 10.8 వచ్చింది. బాలింతగా ఉన్నప్పుడు ఎదురింటావిడ కాచిన సూపు తాగింది, అందులో ఏముందో డాక్టరుకు చెప్పే తాగింది.

ఆయుర్వేదాన్ని గానీ చైనా వైద్యాన్ని గానీ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ప్రతి గర్భిణినీ “ఇంకేం వాడుతున్నావమ్మా?” అని నెమ్మదిగా అడగాలి. చెప్పింది కార్డులో రాయాలి. ఆయుష్ వైద్యులు ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆ కార్డును ఇద్దరు డాక్టర్లూ చూడాలి. మా వీధి ఆశా అమ్మాయితో ఈ మాట అంటే, “అడుగుతాను పిన్నిగారూ, ఎక్కడ రాయమంటారు?” అని కార్డు తిప్పి చూపించింది. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆ కార్డు మీద ఒక గడి పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, తెనాలి