మన కొణతాల చరిత్ర ఎవరు రాసిపెడతారు?

సంపాదకుల గారికి నమస్కారం.

మాది పల్నాటి వీరులను కొలిచే వీరాచారం పాటించే కుటుంబం. కార్తీక అమావాస్య దగ్గర పడుతుంటే దేవుడి మూలనున్న కొణతాన్ని, అంటే ఒక వీరుడి పేరు మీద వస్తున్న ఆయుధాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కారెంపూడి వీరుల గుడికి తీసుకెళ్తాం. నాగులేటిలో స్నానం చేయించి, మిగతా ఆచారవంతులతో కలిసి ఊరేగిస్తాం.

మూడేళ్ల కిందట తుప్పు పట్టిందని ఆ కొణతాన్ని ఒక వెల్డింగ్ షాపులో ఇచ్చాం. గ్రైండర్ పెట్టి మెరిసేలా చేసిచ్చారు. పిడి దగ్గరున్న పాత గుర్తులు మాత్రం అరిగిపోయాయి. తప్పు మాదే, ముందుగా ఫొటో అయినా తీసుకోలేదు. అది ఏ వీరుడి పేరు మీద వస్తున్న ఆయుధమో, మా పూర్వీకులు ఏ ఊరి నుంచి కదిలారో మా తాతగారు చెప్పేవారు. ఆయన పోయాక ఆ గుర్తులే మాకు ఆధారం. ఇప్పుడవీ లేవు.

నాగులేటి ఒడ్డున పక్క కుటుంబాలను అడిగితే చాలామంది కుర్రాళ్లు 'మా పెద్దాయనకు తెలుసండీ' అన్నారు. ఆ పెద్దాయనలు ఎందరు మిగిలారు?

12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం గురించి శ్రీనాథుడి ద్విపద ఉంది. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు పరిష్కరించి అచ్చు వేయించారు. కానీ వీరవిద్యావంతులు కత్తి పట్టి, పంబ మోగుతుండగా రాత్రంతా పాడే కథ అంతకంటే చాలా పెద్దది. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘైర్ ఆ పాటను రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకంగా తెచ్చారు. ఆయనకున్న పట్టుదల మనకెందుకు లేదో నాకు అర్థం కాదు. పాడేవాళ్ల పిల్లలు కూలికో, సిటీలో ఉద్యోగానికో వెళ్తున్నారు. వాళ్లను తప్పు పట్టలేం, ఏడాదిలో ఐదు రోజుల పాటతో ఇల్లు గడవదు కదా.

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఈ మధ్య ఫలానా వీరుడు మా కులం వాడని ఫ్లెక్సీలు కడుతున్నారు. వంశం గురించి గర్వపడటంలో తప్పులేదు, నాకూ ఉంది. కానీ బాలచంద్రుడి వెంట నడిచిన వాళ్లలో బ్రాహ్మణుడైన అనపోతు నుంచి కుమ్మరి, చాకలి, మంగలి ఇళ్ల యువకుల దాకా ఉన్నారు. మాల కన్నమదాసు బ్రహ్మనాయుడి సేనాని. వాళ్లంతా కులం చూడకుండా కలిసి కూర్చుని చాపకూడు తిన్నవాళ్లు. మన మూలాలు వెతుక్కుంటూ పోతే చేరేది ఆ ఒక్క పంక్తి దగ్గరికే. ఆ వీరులందరికీ కలిపి ఒకే గుడిలో మొక్కే మనం ఫ్లెక్సీల దగ్గర విడిపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. కొణతాలన్నీ ఒక్కచోట చేరేది అప్పుడే. దేవాదాయ శాఖ, పురావస్తు శాఖ కలిసి గుడి దగ్గర ఒక బల్ల వేయించి, వచ్చిన ప్రతి ఆయుధాన్నీ ఫొటో తీసి, కొలిచి, ఏ కుటుంబానిది, ఏ వీరుడిది, ఏ ఊరిదో పెద్దల మాటల్లోనే రిజిస్టరులో రాయించాలి. తుప్పు పోగొట్టడానికి ఏం వాడాలో, ఏం వాడకూడదో తెలిసిన మనిషిని ఒకరిని అక్కడ కూర్చోబెట్టాలి. వీరవిద్యావంతుల పాటను మొదటి నుంచి చివరిదాకా, తగిన పారితోషికం ఇచ్చి రికార్డు చేయించే బాధ్యత విశ్వవిద్యాలయాల తెలుగు, జానపద శాఖలు తీసుకోవాలి. దీనికి కోట్లు అక్కర్లేదు.

వచ్చే కార్తీకానికి ఆ బల్ల వేస్తే, గుర్తులు అరిగిన మా కొణతాన్ని రాచగావు నాటి పొద్దున్నే తెచ్చి చూపిస్తాను. తాతగారు చెప్పినవాటిలో నాకు గుర్తున్నంత వరకు దాని పక్కన రాయిస్తాను.

ఇట్లు,
వీరాచార కుటుంబానికి చెందిన ఒక పాఠకుడు,
ఒంగోలు