వాలంటీర్లకు గోనెసంచులే కాదు, పారలూ ఇవ్వండి

సంపాదకులకు,

దసరా పోగానే పాకాల, ఏటూరునాగారం అడవుల్లో సేవకు రమ్మని కాలేజీ పిల్లలకు పిలుపులు మొదలవుతాయి. రావడం మంచిదే. వచ్చినవాళ్ల చేతికి గ్లౌజులు, గోనెసంచి ఇచ్చి, బ్యానర్ వెనక నిలబెట్టి ఫొటో తీసి మధ్యాహ్నానికల్లా బస్సెక్కించడమే బాగాలేదు. ప్లాస్టిక్ ఏ నెలలోనైనా ఏరుకోవచ్చు. నడకబాటల మరమ్మతుకు మాత్రం దసరా నుంచి కార్తీక పున్నమి దాకా ఉన్న ఐదు వారాలే అదును. వానలు తగ్గుముఖం పడతాయి, నేలలో ఇంకా పదునుంటుంది, పార దిగుతుంది. సంక్రాంతి దాటాక అదే మొరం గడ్డపారకూ లొంగదు.

అడవి బాటను పాడుచేసేది ఎక్కువగా మనుషుల కాళ్లు కాదు, నీళ్లు. చెరువుకు మత్తడి ఎట్లాగో, వాలుబాటకు అడ్డుకాలువ అట్లా. పైనుంచి వచ్చే నీళ్లను అక్కడక్కడా పక్కకు తప్పించకపోతే బాటే వాగవుతుంది. ఈ కాలువను బాటకు సరిగ్గా అడ్డంగా తవ్వితే ఒండ్రు అందులోనే పేరుకుంటుంది, రెండో వానకే నీళ్లు పైనుంచి దూకిపోతాయి. ఏటవాలుగా, జానెడు లోతున తవ్వాలి. పల్లపు అంచున రాళ్లు పేర్చాలి. ఒక్కో రాయి మూడింట రెండు వంతులు నేలలో ఉండాలి. పైపైన పెట్టిన రాయి ఒక్క కాలి తాపుకే ఊడి వస్తుంది. వాలు పెరిగేకొద్దీ కాలువలు దగ్గర దగ్గరగా రావాలి.

పాత కాలువలున్నచోట కొత్తవి తవ్వే ముందు వాటి నోళ్లు చూడండి. టేకాకు, ఒండ్రు కలిసి అట్టకట్టేది అక్కడే. బయటి కొస నుంచి లోపలికి పని చేసుకుంటూ రావాలి. తీసిన మట్టిని పల్లం వైపే వేయాలి. ఎగువన కుప్పపోస్తే వచ్చే వాన దాన్ని మళ్లీ కాలువలోకే తెస్తుంది. కొత్తవాళ్లు తరచుగా చేసే పొరపాటు ఇంకొకటుంది. కోసుకుపోయిన గండిని చూడగానే తట్టలతో మట్టి తెచ్చి నింపేస్తారు. చూడటానికి బాగుంటుంది, సాయంత్రం ఫొటోకూ పనికొస్తుంది. కానీ నీళ్లను ఎగువనే మళ్లించకుండా పోసిన వదులు మట్టి ఒక్క వానకు నిలవదు. ఈ కాలంలో ఆ వాన రాదనుకోవడానికీ లేదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వరంగల్‌ను ఎట్లా ముంచిందో అందరూ చూశారు.

బాట ఉపరితలం కూడా పల్లం వైపు కొద్దిగా వాలి ఉండాలి. మీటరు వెడల్పుకు ఐదు సెంటీమీటర్లు చాలు. అంతకుమించితే కాలు జారుతుంది. పక్కల గడ్డిని కొడవలితో కోయాలే తప్ప పీకకూడదు, అంచు మట్టిని పట్టి ఉంచేది ఆ వేళ్లే. వయ్యారిభామ సంగతి వేరు. దాన్ని పూతకు ముందే వేళ్లతో సహా పీకేయాలి, అదీ గ్లౌజులతోనే.

పదిమంది జట్టుకు మూడు పారలు, ఒక గడ్డపార, రెండు కొడవళ్లు, రెండు తట్టలు సరిపోతాయి. మిగిలినవాళ్లు రాళ్లు మోస్తూ వంతులు మార్చుకుంటారు. కొడవలి పట్టినవాళ్ల మధ్య మూడు మీటర్ల ఎడం ఉండాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు కావాలి, అక్టోబరు ఎండ తక్కువదేం కాదు. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి పదకొండుకు ఆపితే, కొత్త జట్టు ఆరేడు కాలువలు తెరిచినా గొప్పే. బస్సు పదింటికి వస్తే ఇందులో సగం కూడా జరగదు. పైగా కాపలాకు వచ్చిన అటవీశాఖ బీట్ అధికారికి రోజంతా వృథా.

ముందు నడిచేవారి చేతిలో కర్ర తప్పనిసరి, రెండు కారణాలకు. ఒకటి పాములు. గడ్డిలో రక్తపింజరి కదలకుండా పడుకుంటుంది, అందుకే చెప్పులతో వచ్చినవాళ్లను నిర్మొహమాటంగా వెనక్కి పంపాలి. రెండోది సాలీళ్లు. ఈ రోజుల్లో అరచేయంత ఆడ సాలీడు రెండు చెట్ల మధ్య పసుపుపచ్చగా మెరిసే గూడు కట్టి, సరిగ్గా మన ముఖం ఎత్తున వేలాడుతుంది. దాంతో ప్రమాదం లేదు. గూడంతా చింపక్కర్లేదు, ఒకవైపు కట్టుదారాన్ని కర్రతో ఎత్తి పక్క కొమ్మకు తగిలిస్తే దారి దొరుకుతుంది. దూలగొండి కాయ నూగు ఒంటికి తగిలితే రుద్దొద్దు, రుద్దితే ఇంకా పాకుతుంది. అంటుకునే టేపుతో అద్ది తీసి, తర్వాత కడగాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు. కరిచిన కాలు కదపకుండా మోసుకెళ్లి ఆస్పత్రికి చేర్చాలి. లోపల ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి, 108కు చేయడానికి ఎవరు రోడ్డు దాకా పరుగెత్తాలో పొద్దున్నే అనుకోవాలి.

కూలిన చెట్ల జోలికి వాలంటీర్లను పంపొద్దు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం వైపు వేల చెట్లు నేలకొరిగాయి. అట్లాంటి మానుల్లో కొన్ని కొమ్మల మీద విల్లులా వంగి ఉంటాయి, కోత పడగానే ఎగిరి తంతాయి. అది రంపం తెలిసినవాళ్ల పని.

సంచుల పని వద్దని కాదు. కార్తీక వనభోజనాల ఆదివారాల్లో మాత్రం చెత్త సాయంత్రం ఏరేకన్నా పొద్దున ఏడింటికే గేటు దగ్గర ఇద్దరు వాలంటీర్లు కూర్చోవడం మేలు. లోపలికి పోయే ప్లాస్టిక్ సీసాలు, విస్తర్ల కట్టలు లెక్కరాసి, కొంత డబ్బు జమ పెట్టించుకొని, తిరిగి తెచ్చి చూపించినప్పుడు వాపసు ఇవ్వాలి. మిగిలిన అన్నం ఉసిరిచెట్టు కింద పోసి పోవద్దని అక్కడే చెప్పాలి. కోతులు దానికి అలవాటు పడితే తర్వాతి వారం వచ్చే కుటుంబాల సంచుల మీదే పడతాయి.

ఈసారి పిలుపు ఇచ్చేవారు బ్యానర్ ఖర్చులో కొంత తగ్గించి పారలు కొనాలి. ఏ బాటలో ఎన్ని కాలువల నోళ్లు మూసుకుపోయాయో బీట్ అధికారితో ముందే చూసిపెట్టించి, ఆ జాబితా కరపత్రంలోనే అచ్చువేయాలి.

— కొందరు పాత వాలంటీర్లు, హనుమకొండ