పిల్లల కథ రాసేముందు పురుగు కాళ్లు లెక్కపెట్టండి

సంపాదకులకు,

మీ ఆదివారం పిల్లల పేజీకి కథలు పంపేవాళ్లలో చెరువు గట్ల మీద, మామిడితోటల్లో పెరిగినవాళ్లు చాలామందే ఉన్నట్టున్నారు. సంతోషం. తెలుగు పిల్లలకి అలాంటి రచయితలే కావాలి. కానీ ఆ కథల్లో చెరువు కంటే చెరువు మీద బెంగే ఎక్కువ. ‘ఆ రోజులే వేరు’ అంటే ఏడేళ్ల పిల్లకి ఏం అందుతుంది? ఆ పూట గట్టు మీద ఏం జరిగిందో చెప్పాలి. పిల్లల పుస్తకాలు రాసేవాళ్లం, బొమ్మలు వేసేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

చిన్నప్పటి జ్ఞాపకం దారి చూపిస్తుంది, వివరాల దగ్గరకొచ్చేసరికి తప్పటడుగు వేయిస్తుంది. కోయిలమ్మ పాడింది అని రాసేస్తాం. వేసవిలో ‘కుహూ’ అని కూసేది మగకోయిల: నల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, దాని అరుపే వేరు. పాలపిట్టని నిలువెల్లా నీలంగా వేస్తారు. తీగ మీద కూర్చున్నప్పుడు దాని రొమ్ము మట్టిరంగే, రెక్కలు విప్పితేనే ఆ నీలమంతా బయటపడేది. ఆరుద్ర పురుగుకి ఆరు కాళ్లు వేస్తారు. అది కీటకం కాదు, సాలీడు జాతికి దగ్గరది. ఎదిగిన పురుగుకి ఎనిమిది కాళ్లు. తాకితే అన్నీ లోపలికి ముడుచుకుని ఎర్ర మఖమల్ గుండీలా ఉండిపోతుంది.

అందుకే రాసేముందు మళ్లీ వెళ్లి చూడాలి. ఒక్క ప్రాణిని, ఒక్క కార్తెలో. రోజూ అదే చోట అరగంట చొప్పున పది రోజులు కూర్చుంటే చాలు. ఎన్నింటికి వచ్చింది, నోట ఏం తెచ్చింది, ఏది దాన్ని తరిమింది, అక్కడే కాగితం మీద పెట్టాలి. ఇంటికొచ్చి రాస్తే సగం కల్పనే వస్తుంది.

గిజిగాడినే తీసుకోండి. గూడు అల్లేది మగది, తలమీద పసుపు టోపీ ఉన్నది. తాటాకు అంచుని ముక్కుతో కొరికి, ఆ పీలికని పట్టుకుని ఎగురుతుంది. ఎగిరిన ఊపుకే పీలిక చీలి వస్తుంది. బావి మీదికి వంగిన ఈతచెట్టుకి ముందు ఒక వలయం, తర్వాత బోర్లించిన గిన్నెలాంటి సగం గూడు. అక్కడ పని ఆపి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టని పిలుస్తుంది. ఆడది లోపలికి దూరి చూస్తుంది. నచ్చితేనే కిందికి వేలాడే గొట్టం అల్లకం మొదలు. నచ్చకపోతే ఆ గూడు అలాగే ఉండిపోతుంది, మగది ఇంకోటి మొదలుపెడుతుంది. ఇంతకంటే కథ ఏం కావాలి? చివర ‘కష్టపడితే ఫలితం’ అని నీతి తగిలిస్తే పిట్ట పోయి పాఠం మిగులుతుంది.

బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు. ఎనిమిది ఏ4 కాగితాలు కలిపి మధ్యకి మడిస్తే నమూనా తయారు. మొదటి నాలుగు పేజీలు పేరుకీ వివరాలకీ పోతాయి. మిగిలినవాటిలో ఎదురెదురు పేజీల జత ఒక్కోదానికి ఒక్కో దృశ్యం వేసుకోండి. ఆడపిట్ట గూట్లో దూరేది కుడిపేజీలో రావాలి, దానికి నచ్చిందో లేదో పేజీ తిప్పాకే తెలియాలి. చాలామంది రెండూ ఒకేచోట రాసి ఆ ఉత్కంఠని చంపేస్తారు. బొమ్మలో కనిపించేది మళ్లీ మాటల్లో చెప్పొద్దు. ఆరేళ్లవాళ్లకి పేజీకి రెండు మూడు వాక్యాలు చాలు. అక్షరం 18 పాయింట్లకి తగ్గకూడదు, వరసల మధ్య జాగా ఇంగ్లీషు పుస్తకాల కంటే ఎక్కువ వదలాలి. లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడి పిల్లలు తడబడతారు. అచ్చుకి ముందు ఒక పిల్లచేత పైకి చదివించండి. ఎక్కడ ఆగితే అక్కడ వాక్యం విరవండి.

మీకు ఒక విన్నపం. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో వస్తుంది. ఆ పురుగు కథ ఆగస్టులో వేస్తే పిల్లలకి చూడటానికి పురుగు దొరకదు. జూన్ మొదటి ఆదివారమే వేయండి. తొలకరి పడ్డాక పేపరు పట్టుకుని చేలోకి వెళ్లి, బొమ్మలో కాళ్లు సరిగా ఉన్నాయో లేదో వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

— కొందరు బాలల పుస్తకాల రచయితలు, చిత్రకారులు